కొత్త ఇంట్లో హోమ్ స్టడీ: ఒక దత్తత సంస్థ సేవపై సమీక్ష

మేము కొత్త ఇంట్లో చేరిన ఇరవై రెండవ రోజున, విప్పని అట్టపెట్టెలు ఇంకా హాలులో గోడ పొడవునా పేర్చి ఉండగానే, దత్తత సంస్థ పంపిన సోషల్ వర్కర్ మా ఇంటికి వచ్చారు. మరో దేశంలో పుట్టిన బిడ్డను దత్తత తీసుకోవాలని నేనూ నా భర్తా చాలా ముందుగానే నిర్ణయించుకున్నాం గానీ, దరఖాస్తు పెట్టడమూ ఇల్లు మారడమూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి. దత్తత కోరే దంపతుల ఇంటినీ జీవితాన్నీ పరిశీలించి నివేదిక రాసే ఆ సంస్థ సేవ గురించే ఈ సమీక్ష. మా ఫైలు ఇంకా నడుస్తున్నది, పైగా నాకు ఒక ఫిర్యాదు కూడా ఉన్నది కనుక సంస్థ పేరు రాయడం లేదు.

ఈ పరిశీలనకు హోమ్ స్టడీ అన్న పేరు విని, ఇల్లు ఎంత శుభ్రంగా, ఎంత సౌకర్యంగా ఉన్నదో చూసి మార్కులు వేస్తారేమోనని నేను భయపడ్డాను. 1993 మే 29న హేగ్‌లో కుదిరిన, దేశాల మధ్య జరిగే దత్తతలపై ఒప్పందంలోని 15వ అధికరణాన్ని మొదటి సమావేశంలోనే మా చేత చదివించి, సంస్థవారు ఆ భయాన్ని పోగొట్టారు. దంపతుల గుర్తింపు, అర్హత, నేపథ్యం, కుటుంబ చరిత్ర, ఆరోగ్యం, సామాజిక పరిసరాలు, దత్తత కోరడానికి కారణాలు, ఎటువంటి పిల్లలను పెంచగల శక్తి వారికి ఉన్నది అన్నవి నివేదికలో ఉండాలని అందులో ఉంది. ఫర్నిచర్ ఊసు ఎక్కడా లేదు.

వచ్చినావిడ అట్టపెట్టెల వైపు చూడనే లేదు. వంటింటి సింకు కింది అర తెరిచి శుభ్రపరిచే రసాయనాలు ఎక్కడ పెట్టామో చూశారు, మందులకు తాళం ఉన్నదా అని అడిగారు, గీజరు వేడి 49 డిగ్రీల సెల్సియస్ దాటకుండా పెట్టుకొమ్మన్నారు, పుస్తకాల బీరువాను గోడకు బిగించమన్నారు, పొగను పసిగట్టే అలారం మోగుతున్నదో లేదో నొక్కి చూశారు. ప్రతిదానికీ కారణం చెప్పడం నాకు ఎంతో నచ్చింది. అనాథాశ్రమంలో పెరిగిన బిడ్డ, కుళాయి తిప్పితే మరిగే నీళ్లు రాగలవన్న సంగతే ఎన్నడూ ఎరగకపోవచ్చునని ఆవిడ అన్నప్పుడు, అప్పటిదాకా ఒక జాబితాగా తోచినది ఒక్కసారిగా ఒక బిడ్డ చేయిగా నా కళ్ల ముందు కనిపించింది. సామాను ఇంకా సర్దుకోలేదని నేను నొచ్చుకుంటూ చెబితే, అది మీకు కలిసివచ్చిన విషయమే, ఏ వస్తువు ఎంత ఎత్తులో ఉండాలో బిడ్డను తలుచుకుని ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు అన్నారు. ఆ మాట పట్టుకునే మేము మిగిలిన పెట్టెలన్నీ విప్పాం.

బిడ్డ గది విషయంలో వారి సలహా మొదట నన్ను నొప్పించింది. రంగులు వేయించి, మంచం కొని, బొమ్మలు పేర్చాలని నేను ఆత్రపడుతుంటే, గదిని ఖాళీగా ఉంచమన్నారు. మా నివేదికలో బిడ్డ గురించి ఉండేది వయసు పరిమితి మాత్రమే. బిడ్డ ఎవరో, ఆరోగ్యం ఎలా ఉన్నదో, ప్రత్యేక అవసరాలేమిటో చెప్పే నివేదిక పుట్టిన దేశం నుంచి తరువాత వస్తుంది. ఆపైన రెండు దేశాల అధికార సంస్థలూ అంగీకరిస్తేనే బిడ్డను అప్పగించే నిర్ణయం జరుగుతుంది. అలంకరించిన గది తలుపు రోజూ తెరిచి చూసుకుంటూ నెలలకు నెలలు ఎదురుచూసిన తల్లులు ఎంత నలిగిపోతారో ఆవిడ నెమ్మదిగా చెప్పారు. తొలి నెలల్లో బిడ్డ మంచం మా గదిలోనే ఉండేలా చోటు చూసుకొమ్మన్నారు. బిడ్డ వెంట ఒక దుప్పటో చొక్కానో వస్తే వెంటనే ఉతకవద్దని, తెలిసిన వాసన అంటూ ఆ బిడ్డకు మిగిలేది అదొక్కటే కావచ్చునని కూడా చెప్పారు. ఎంత చదివినా నాకు తట్టని సంగతి ఇది.

ఇంటర్వ్యూలు ఒకసారి ఇద్దరితో కలిపి, మరోసారి విడివిడిగా జరిగాయి. ప్రశ్నలు లోతైనవే అయినా ఎక్కడా అవమానంగా అనిపించలేదు.

ఇక ఫిర్యాదు. ఇల్లు మారుతున్నామని దరఖాస్తులోనే రాశాం. అయినా పోలీసు ధ్రువపత్రాలు, బ్యాంకు లేఖలు, వైద్య పత్రాలు పాత చిరునామాతోనే తీసుకుంటుంటే ఆపినవారు లేరు. నివేదిక ముసాయిదా సిద్ధమయ్యాక గానీ, అన్ని పత్రాల్లోనూ ఒకే చిరునామా ఉండాలని చెప్పలేదు. వాటిని మళ్లీ తీసుకుని, పరాయి దేశంలో పత్రాలు చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర మళ్లీ వేయించడానికి ఏడు వారాలు పట్టింది. ఈలోగా మొదట తీసుకున్న వైద్య పత్రాల గడువు దగ్గర పడింది. సంస్థ క్షమాపణ చెప్పి సవరణ రుసుము వదులుకున్నది గానీ, ఎదురుచూసే ఇంట్లో ఏడు వారాలు చిన్న కాలం కాదు. ఇల్లు మారుతున్న దంపతులకు మొదటి రోజే ఒక కాగితం మీద రాసి ఇవ్వదగిన విషయమిది.

రుసుముల పట్టీని మాత్రం మొదటే, ఏది దేనికో విడమరచి, రాతపూర్వకంగా ఇచ్చారు. దత్తత ద్వారా ఎవరూ అనుచిత లాభం పొందకూడదని ఒప్పందంలోని 32వ అధికరణం చెబుతుంది కనుక, ఈ పట్టీ ఇవ్వడానికి వెనుకాడే సంస్థను నేనైతే నమ్మను. శిక్షణ వీడియోలు పాతబడినవి, బాగా సాగదీసినవి. ఏ దేశమైనా మధ్యలో తలుపు మూసేయవచ్చునని, బంధువుల పిల్లలను దత్తత తీసుకోవడం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప చైనా 2024లో విదేశీ దత్తతలను ఆపివేసిందని దాచకుండా చెప్పడం వారి నిజాయితీ.

ఇంటిని బిడ్డ కళ్లతో చూడటం నేర్పినందుకు ఈ సేవను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. కొత్త ఇంటికి చేరబోయేవారు మాత్రం చిరునామా మారాకే పత్రాలు తీసుకోవాలి. అది కుదరకపోతే, ఏ పత్రం ఎప్పుడు తీసుకోవాలో సంస్థ చేత ముందే రాయించుకోవాలి. మా నివేదిక గత వారం చేతికి వచ్చింది. ఇంటి వివరాల పేజీలో చివరి గది ఎదురుగా "ఖాళీగా ఉంచారు" అని రాసి ఉన్నది.