సురికాటా, నాపాటెక్ కార్డు: మా కాలేజీ నెట్‌వర్క్ మీద నడిపి చూశాక

సురికాటా అంటే నెట్‌వర్క్‌లో పోయే డేటాని రూల్స్‌తో పోల్చి దాడుల్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్. నాపాటెక్ దానికి డేటాని వేగంగా అందించే నెట్‌వర్క్ కార్డు. సెకనుకు పది గిగాబిట్ల లింకు లేనివాళ్లకి ఈ కార్డు అక్కర్లేదు. చవకైన సరుకు కాదు కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నాను. లింకు ఉండి, రాత్రిపూట నిండుతోందంటే మాత్రం మొత్తం చదవండి.

విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూస్తాను. హాస్టళ్లు, ల్యాబులు, ఆఫీసు అన్నీ ఒకే కోర్ స్విచ్ మీద ఉన్నాయి. దాని మిర్రర్ పోర్టుకి, అంటే స్విచ్ గుండా పోయేవాటి నకలు వచ్చే పోర్టుకి, సురికాటా 7.0 తగిలించాం. భోజనాలయ్యి పిల్లలు గదులకి చేరగానే, సర్వర్‌తో వచ్చిన మామూలు కార్డు మీద స్టాట్స్‌లో 'కెర్నెల్ డ్రాప్స్' అంకె, అంటే సురికాటాకి అందకుండా జారిపోయిన ప్యాకెట్ల (డేటా ముక్కల) లెక్క, ఎగబాకేది. జారిపోయిన ప్యాకెట్‌లో ఏముందో ఏ రూలూ చెప్పలేదు. ఎవరి ల్యాప్‌టాప్‌కో వైరస్ పట్టి బయటికి డేటా పోతుంటే మనకి కనబడాల్సింది ఆ రద్దీలోనే కదా!

10 గిగాబిట్ల లింకు 64 బైట్ల ప్యాకెట్లతో నిండితే సెకనుకు సుమారు 1 కోటి 48 లక్షల ప్యాకెట్లు. ఒక్కోదానికి 67 నానోసెకన్లు. అంత వేగంలో ప్రతి ప్యాకెట్టూ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) గుండా పోవాలంటే కష్టం. నాపాటెక్ కార్డు వాటిని నేరుగా హోస్ట్ బఫర్లలోకి, అంటే సర్వర్ మెమరీలోకి దించుతుంది, టైమ్‌స్టాంపు కూడా తనే వేస్తుంది.

ఇన్‌స్టాల్‌లో వరస ముఖ్యం. ముందు సోర్సు నుంచి కట్టడానికి కావలసిన సరంజామా: కెర్నెల్ హెడర్లు, జీసీసీ, మేక్. తర్వాత కార్డు డ్రైవరు. అది ఆప్ట్ కింద 'నాపాటెక్3' ఫోల్డర్లో కూర్చుంటుంది. ఆ తర్వాతే సురికాటా, అదీ సోర్సు నుంచి, కాన్ఫిగర్‌లో నాపాటెక్‌ని ఎనేబుల్ చేసి, ఆ ఫోల్డర్ దారి చూపించి. అయ్యాక 'బిల్డ్ ఇన్ఫో'లో నాపాటెక్ ఎదురుగా 'ఎస్' (అవును) అని ఉందో లేదో చూడండి. లేకపోతే ముందుకెళ్లి లాభం లేదు.

నాకు బాగా నచ్చింది హ్యాష్ మోడ్, అంటే ప్యాకెట్లని స్ట్రీములుగా పంచే పద్ధతి. 'ఫైవ్ టపుల్ సార్టెడ్' పెడితే ఒక కనెక్షన్లో వెళ్లేవీ వచ్చేవీ ఒకే స్ట్రీమ్‌లోకి, అంటే ఒకే థ్రెడ్ దగ్గరికి చేరతాయి. అలా చేరకపోతే సురికాటాకి సగం సంభాషణే వినబడుతుంది. సురికాటా సెట్టింగులుండే యామల్ ఫైల్లో 'ఆటో కాన్ఫిగ్' ఆన్ చేస్తే ఈ స్ట్రీములన్నీ అదే కట్టుకుంటుంది. కార్డు సెట్టింగుల్లో బఫర్లకి ఇచ్చే మూడంకెల్లో మొదటిది ఎన్ని, రెండోది ఒక్కోటి ఎన్ని ఎంబీ, మూడోది న్యూమా నోడ్, అంటే ఏ ప్రాసెసర్ పక్క మెమరీ అన్నది. రెండు ప్రాసెసర్ల సర్వరైతే కార్డు ఏ సాకెట్ పక్కనుందో చూసి ఆ మూడో అంకె ఇవ్వండి.

మా వైపు గాలివానకి కరెంటు పోవడం మామూలే. యూపీఎస్ కూడా అయిపోయి సర్వర్ మళ్లీ లేచినప్పుడు నాపాటెక్ సర్వీసు ముందు, సురికాటా వెనక లేవాలి. లినక్స్‌లో సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీలో ఆ వరస రాసి పెట్టాను, అర్ధరాత్రి వార్డెను మాస్టారు ఫోన్ చేయాల్సిన పని లేకుండా.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఇప్పుడు రాత్రి రద్దీలోనూ డ్రాప్స్ సున్నా దగ్గరే ఉంటున్నాయి. ఒకటి తగ్గించింది డ్రైవరు లినక్స్ కెర్నెల్‌తో పాటు రానందుకు. కెర్నెల్ మారిస్తే దాన్ని మళ్లీ కట్టాలి, అందుకే ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి ఉంచాను. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్లయితే ఆ మోడల్‌కి మీ కెర్నెల్ మీద నడిచే డ్రైవరు దొరుకుతోందని రూఢి చేసుకున్నాకే డబ్బు కట్టండి.