అగస్టా మేలా, సెయింట్ ఆండ్రూస్ మేలా?

2023 ఏప్రిల్. అమెరికాలోని అగస్టా నేషనల్ క్లబ్‌లో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నమెంట్ చివరి రోజు, 16వ హోల్. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) బయటి నుంచి సాహిత్ తీగల మెల్లగా లేపిన బంతి వాలు మీద పడి, మలుపు తిరిగి, దొర్లుకుంటూ వెళ్లి హోల్‌లో పడింది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబంలో పుట్టిన కుర్రాడు, తొలిసారి ఆడిన మాస్టర్స్‌లోనే తొమ్మిదో స్థానాన్ని పంచుకున్నాడు. గోల్ఫ్ జోలికి ఎన్నడూ వెళ్లని మా బంధువులు కూడా ఆ తర్వాత అడగడం మొదలుపెట్టారు: ఆ పచ్చటి తోట ఎవరిది, లోకంలో అంతకన్నా గొప్ప క్లబ్ ఉందా అని.

అందంలో అగస్టాకు సాటి లేదు. చరిత్ర చూసి తేల్చమంటే మాత్రం నేను స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ వైపే ఉంటాను. ఎందుకో చెప్పాలంటే, రెండు చోట్లా నేల ఎవరి చేతిలో ఉందో ముందు చూడాలి.

జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో ఇప్పుడు క్లబ్ ఉన్నచోట ఒకప్పుడు ఫ్రూట్‌ల్యాండ్ అనే పెద్ద నర్సరీ ఉండేది. బెల్జియం నుంచి వచ్చిన బెర్క్‌మన్స్ కుటుంబం దాన్ని నడిపింది. ఈనాటికీ అక్కడ ఒక్కో హోల్‌కు ఒక్కో మొక్క పేరు. 13వ హోల్ పేరు అజేలియా. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టోర్నమెంట్లూ గెలిచి, 28 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్న బాబీ జోన్స్, ఆర్థిక వ్యవహారాలు తెలిసిన క్లిఫర్డ్ రాబర్ట్స్ కలిసి ఆ నేల కొన్నారు. అమెరికా ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్న రోజులవి. అనుకున్నంతమంది సభ్యులు చేరలేదు. మైదానాన్ని జోన్స్‌తో కలిసి రూపొందించిన అలిస్టర్ మెకంజీ, రావలసిన సొమ్ము పూర్తిగా అందకుండానే 1934 జనవరిలో కన్నుమూశాడు. రెండు నెలలకు అక్కడ జరిగిన తొలి టోర్నమెంట్‌ను ఆయన చూడలేకపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో క్లబ్ మూసేసి, ఆ గడ్డి మీద పశువులను, టర్కీ కోళ్లను పెంచారు.

ఇంత కష్టంలోంచి పైకి వచ్చిన సంస్థను గౌరవించకుండా ఉండలేం. కానీ గేటు మాత్రం మొదటి నుంచీ మూసే ఉంది. సభ్యత్వానికి ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేరు, వాళ్లే పిలవాలి. సభ్యుల జాబితా బయట పెట్టరు.

సెయింట్ ఆండ్రూస్ కథ దీనికి పూర్తిగా తిరగబడిన కథ. అక్కడ ముందు ఆట వచ్చింది, క్లబ్ చాలాకాలానికి వచ్చింది. సముద్రం ఒడ్డున ఇసుకా గడ్డీ కలిసిన బంజరు బయలు అది. దాని మీద ఊరివాళ్లు ఆడుకునే హక్కును ఆర్చిబిషప్ హామిల్టన్ 1552లోనే పత్రం రాసి ఒప్పుకున్నాడు. ఆ హక్కుల్లో గోల్ఫ్ ఒకటి. పశువులను మేపుకోవడం మరొకటి. 22 మంది పెద్దమనుషులు కలిసి సంఘం పెట్టుకున్నది 1754లో. 1834లో నాలుగో విలియం రాజు ఆదరణతో ఆ సంఘమే రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్ అయింది.

మధ్యలో జరిగిన కుందేళ్ల గొడవ నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. 1797లో అప్పుల్లో కూరుకుపోయిన పట్టణ మండలి ఆ బయలును తెగనమ్ముకుంది. అది కుందేళ్ల వ్యాపారుల చేతిలో పడింది. వేలకొద్దీ కుందేళ్లు బొరియలు తవ్వి మైదానాన్ని గుల్ల చేశాయి. ఊరు ఊరుకోలేదు. గోల్ఫ్ ఆడేవాళ్లు కోర్టుకు వెళ్లారు, కుందేళ్లు కనిపిస్తే చంపే హక్కు తమదేనన్నారు. వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ నేల కొని ఆటకు నిలబెట్టాడు. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా బయలు మళ్లీ పట్టణం చేతికి వచ్చింది. 1946 దాకా ఊరివాళ్లు రుసుము లేకుండా ఆడుకున్నారు. ఈనాటికీ స్థానికులకు ఏడాది టిక్కెట్టు ఉంది. బయటివాళ్లు లాటరీలో పేరు వేసుకోవచ్చు. రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్ భవనం తలుపు సభ్యులకే తెరుచుకుంటుంది. దాని కిటికీల ముందున్న ఓల్డ్ కోర్స్, అంటే ఆ బయలు మీది పాత గోల్ఫ్ మైదానం, మాత్రం ఆ క్లబ్‌ది కాదు.

ఈ తేడా కంటికి కనిపిస్తుంది. మొదటి, 18వ హోళ్లకు అడ్డంగా గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే మామూలు బాట వెళుతుంది. బీచికి పోయేవాళ్లు ఆ బాటనే దాటుతుంటారు, ఆటగాడు కర్ర పట్టుకుని ఆగుతాడు. పెద్ద పోటీలు లేని ఆదివారాల్లో ఓల్డ్ కోర్స్ మీద ఆటే ఉండదు. ఛాంపియన్లు తడబడిన గడ్డి మీద ఆ రోజు కుక్కలు పరుగెడుతుంటాయి, పసిపిల్లల బండ్లు తోసుకుంటూ తల్లులు నడుస్తుంటారు. మన ఊరి చెరువుగట్టు మీద సాయంత్రం ఎలా ఉంటుందో అలా. గోల్కొండ కోట నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం వచ్చినప్పుడు వారసత్వ కట్టడాల మీద మమకారం ఉన్నవాళ్లు లేవనెత్తిన అభ్యంతరం కూడా నేల గురించే కదా.

మనుషుల విషయానికి వస్తే తూకం ఇంత సులువు కాదు. అగస్టా రికార్డు బాధ కలిగిస్తుంది. 1982 దాకా మాస్టర్స్‌లో ఆటగాళ్లు తమ కర్రల బ్యాగు మోయడానికి క్లబ్ ఇచ్చిన క్యాడీలనే పెట్టుకోవాలి. తెల్లటి దుస్తుల్లో బ్యాగులు మోసిన ఆ క్యాడీలందరూ నల్లజాతివారు. నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్ అక్కడ తొలిసారి మాస్టర్స్ ఆడింది 1975లో. నల్లజాతి సభ్యుణ్ని చేర్చుకున్నది 1990లో, అది కూడా అలబామాలోని మరో క్లబ్ మీద దేశమంతా గొడవ చెలరేగాక. స్త్రీలను ఎందుకు చేర్చుకోరని నిరసన వచ్చినప్పుడు 2003, 2004 మాస్టర్స్‌ను ప్రకటనలు లేకుండానే ప్రసారం చేయించారు కానీ మెట్టు దిగలేదు. 2012లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్, వ్యాపారవేత్త డార్లా మూర్ సభ్యులయ్యారు.

మరి సెయింట్ ఆండ్రూస్ పెద్దమనుషులు ముందున్నారా? లేదు, వెనకబడ్డారు. రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్ స్త్రీలకు సభ్యత్వం ఇవ్వడానికి ఓటు వేసింది 2014 సెప్టెంబరులో, అగస్టా తర్వాత రెండేళ్లకు, పుట్టిన 260 ఏళ్లకు. సెయింట్ ఆండ్రూస్‌ను సమర్థించే నేను దీన్ని దాచను. అయితే ఆ క్లబ్ తలుపు వేసుకున్న రోజుల్లోనూ స్త్రీలకు ఆ ఊరి నేల మీద చోటు దొరికింది. 1867లోనే అక్కడ స్త్రీల పటింగ్ (బంతిని హోల్‌లోకి మెల్లగా దొర్లించే ఆట) క్లబ్ పుట్టింది. గుట్టలు గుట్టలుగా ఉండే వాళ్ల పచ్చిక పేరు హిమాలయాస్. ఇప్పుడు దాని మీద దారిన పోయే పిల్లలు కూడా కొద్ది డబ్బుతో ఆడుకోవచ్చు.

అగస్టాకు దక్కవలసిన మంచి మాట ఒకటుంది. మాస్టర్స్ చూడటానికి వచ్చినవాళ్లను ఇంత మర్యాదగా చూసే చోటు క్రీడల్లో అరుదు. డాలరున్నరకే పిమెంటో చీజ్ శాండ్‌విచ్ పెడతారు. 2019 నుంచి స్త్రీల అమెచ్యూర్ టోర్నమెంట్ చివరి రౌండ్ అదే మైదానంలో జరుపుతున్నారు. 2021లో ఆక్సిజన్ గొట్టంతో కుర్చీలో కూర్చున్న లీ ఎల్డర్‌ను టోర్నమెంట్ తొలి బంతి కొట్టే గౌరవ ఆరంభకుడిగా పిలిచారు. కొట్టే శక్తి లేక ఆయన తన గోల్ఫ్ కర్రను పైకెత్తి చూపినప్పుడు జనం లేచి నిలబడ్డారు. ఆ ఏడాది నవంబరులోనే ఆయన పోయాడు. గౌరవం నిజమే, 46 ఏళ్లు పట్టిందన్నదీ నిజమే.

ఈ తగవుకు తీర్పరి ఒకాయన ఉన్నాడు. అగస్టాను కట్టిన బాబీ జోన్సే. 1921లో 19 ఏళ్ల వయసులో ఓల్డ్ కోర్స్ మీద బంకర్ అనే ఇసుక గుంటలో ఇరుక్కుని, కోపంతో బంతి తీసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. 1927లో అక్కడే బ్రిటిష్ ఓపెన్ టోర్నమెంట్ గెలిచి, కప్పును ఆ క్లబ్‌లోనే ఉంచమన్నాడు. మెకంజీ 1924లో ఓల్డ్ కోర్స్ పటాన్ని అంగుళం అంగుళం గీసినవాడు. బంతిని నేల మీద దొర్లించి ఆడే అక్కడి పద్ధతిని ఇద్దరూ అగస్టాకు మోసుకెళ్లారు. 1958లో వెన్నుపాము జబ్బుతో నడవలేని స్థితిలో జోన్స్ మళ్లీ వచ్చాడు. పట్టణం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తర్వాత అది పొందిన తొలి అమెరికన్ ఆయనే. తన జీవితంలోంచి మిగతావన్నీ తీసేసి సెయింట్ ఆండ్రూస్ జ్ఞాపకాలు మాత్రం ఉంచినా తనది నిండు జీవితమేనని ఆ సభలో అన్నాడు. చిన్న విద్యుత్ బండి మీద ఆయన బయటికి వెళుతుంటే ఎవరో వీడ్కోలు పాట ఎత్తుకున్నారు, హాలంతా గొంతు కలిపింది.