షుగర్ ఉన్నవాళ్లకు ఏది మేలు: జొన్న రొట్టెనా, తెలంగాణ సోనా అన్నమా?

వరంగల్ బియ్యం దుకాణాల్లో ఇప్పుడు 'షుగర్ ఫ్రీ బియ్యం' అని అడిగి మరీ కొంటున్నారు. చేతికొచ్చేది చాలాసార్లు తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048. బియ్యం మంచివే, 'షుగర్ ఫ్రీ' అన్న పేరే అబద్ధం. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఈ సన్న రకానికి గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె, 51 చిల్లర ఉంటుంది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. అంటే తిన్నది చక్కెరగా మారి రక్తంలో చేరడం కొంత నిదానిస్తుంది, అంతే. చేరకుండా పోదు.

పైగా ఆ సూచీని కొలిచేటప్పుడు పెట్టేది 50 గ్రాముల పిండిపదార్థం ఉన్నంత అన్నమే. బియ్యం లెక్కన సుమారు 65 గ్రాములు. పప్పుచారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి కలుపుకునే మన కంచంలో అంతకు రెట్టింపు సులువుగా ఉంటుంది. సన్న బియ్యం కదా అని ఇంకో గరిటె వేయించుకుంటే లాభమంతా అక్కడే పోయింది.

జొన్నలో అద్భుతమేమీ లేదు. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, జొన్నలో 68. పీచులో మాత్రం తేడా గట్టిది: జొన్నలో 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 లోపే. అయినా నా లెక్కలో రొట్టె గెలిచేది ఇంకో చోట. నమలాలి, టైం పడుతుంది, కూర లేనిదే గొంతు దిగదు. రెండు తిన్నాక మూడోది అడగాలనిపించదు. అన్నానికి ఆ అడ్డు లేదు, మంచి తొక్కు ఉంటే మారు పెట్టించుకుంటూనే ఉంటాం. కాకపోతే రొట్టె తిన్నాక 'కొంచెం పెరుగన్నం' అనే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అప్పుడు రొట్టె అన్నానికి బదులు కాదు, అదనం.

జొన్న గటక, మక్క గటక కూడా రొట్టెతో సమానమే అనుకోవద్దు. మెత్తగా ఉడికి, నమలకుండానే జారిపోయేది తొందరగా అరుగుతుంది. చపాతీ అంటారా, పొట్టు జల్లించని గోధుమ పిండైతే పీచులో జొన్నకు తీసిపోదు.

నన్నడిగితే రాత్రికి రెండు జొన్న రొట్టెలు, మధ్యాహ్నం ఒక కప్పు సోనా అన్నం. రెండింటి పక్కనా సగం కంచం బీరకాయో, సోరకాయో, ఆకుకూరో, దాంతోపాటు పప్పో గుడ్డో. నమ్మకం కుదరకపోతే ఒకరోజు అన్నం, మర్నాడు అదే కూరతో రొట్టె తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు గ్లూకోమీటర్‌లో చూసుకోండి. చాలామందికి 180 లోపు ఉండాలంటారు డాక్టర్లు.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ గోలీలు గానీ వాడేవాళ్లు మాత్రం ఒక్కసారిగా అన్నం మానొద్దు. షుగర్ 70 కిందికి పడితే చెమటలు, వణుకు మొదలవుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. తిండి తగ్గించే ముందే గోలీల మోతాదు సంగతి దవాఖానలో మాట్లాడుకోండి.