గండి పడ్డ చెరువుకు ఏ పద్దు: తక్షణ మరమ్మతా, పునర్నిర్మాణమా?

2023 జులై వానలకు వరంగల్ భద్రకాళి చెరువుకు గండి పడింది. ఇలాంటప్పుడు రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో రెండు దారులున్నాయి. ఈ నిధిలో కేంద్రం వాటా 75 శాతం, తెలంగాణది 25.

తక్షణ మరమ్మతు పద్దులో డబ్బు తొందరగా కదులుతుంది. కానీ అది రింగ్‌బండ్ (గండి చుట్టూ వేసే తాత్కాలిక కట్ట), ఇసుక బస్తాలు, తెగిన రోడ్డుకు మొరం వంటి తాత్కాలిక పనులకే. మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) వెడల్పు పెంచడం, కొత్త తూము కట్టడం ఆ అంచనాలో కలిపితే ఫైలు వెనక్కొస్తుంది. బస్తాలు వేయకముందే గండి పొడవు, లోతు కొలిచి, టేపు కనపడేలా జియోట్యాగ్ (తీసిన చోటు నమోదయ్యే) ఫొటోలు తీయాలి. పూడ్చాక ఎంబీ (పని కొలతల పుస్తకం)లో రాసిన కొలతను ఎవరు నమ్ముతారు?

15వ ఆర్థిక సంఘం 2021-26కు పునర్నిర్మాణానికి విడిగా పద్దు పెట్టింది. దీనికి నష్టం అంచనా నివేదిక కావాలి, ఆలస్యం తప్పదు. అయినా కట్ట నిలబడాలంటే ఇదే నయం. గండి అంచులను మెట్లుగా కోసి, మట్టిని పొరలుగా పోసి, తడిపి, రోలర్‌తో తొక్కించాలి. నిటారు అంచుకు ఆనించి మట్టి కుమ్మరిస్తే పాత కట్టకూ కొత్త మట్టికీ అతుకు కుదరదు. నీళ్లు ఆ సందులోంచే ఊరుతాయి.

ఒకే పనిని రెండు పద్దుల్లోనూ చూపితే ఆడిట్‌లో పట్టుబడుతుంది.