గేమ్ డిస్కులు అద్దెకు: చాన్నాళ్లు వాడాక తేలిన లెక్క

సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 (టీవీకి కలిపి గేములు ఆడే కన్సోల్) మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పట్లో డిస్క్ డ్రైవ్ ఉన్నది రూ. 49,990, లేనిది రూ. 39,990. పదివేలు మిగులుతాయి కదా, డ్రైవ్ లేనిదే తీసుకో అని మా ఆఫీసులో చాలామంది చెప్పారు. నేను పట్టుబట్టి డ్రైవ్ ఉన్నదే తీసుకున్నాను. సోనీ వాళ్ల పెద్ద గేమ్ కొత్తగా వస్తే రూ. 4,999. నెలకొకటి కొనే స్తోమత మా ఇంట్లో లేదు. అదే డిస్క్ అయితే అద్దెకు తెచ్చుకోవచ్చు, స్నేహితుణ్ని అడిగి తెచ్చుకోవచ్చు, ఆడాక అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్‌గా కొన్నదానికి ఈ మూడూ కుదరవు.

అప్పటి నుంచి ఆన్‌లైన్‌లో డిస్కులు అద్దెకిచ్చే సర్వీసులు వాడుతూనే ఉన్నాను. నిజాంపేటలో ఉన్నన్నాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్న ఒక చిన్న సర్వీసు. కాకినాడకు వచ్చేశాక కొరియర్‌లో పంపేవి రెండు. వీటి పేర్లు రాయడం లేదు. ఈ రంగంలో చిన్న సర్వీసులు వస్తుంటాయి, పోతుంటాయి. పేరు కన్నా పద్ధతి ఎలా ఉందో చూసుకుంటే ఏ ఊళ్లో ఉన్నవాళ్లకైనా పనికొస్తుంది.

అద్దె సర్వీసు వెతికేవాళ్లు ముందుగా అడిగేది నెలకెంత అని. నేను అడిగేది వేరు: నెలలో డిస్క్ నా ఇంట్లో ఎన్ని రోజులుంటుంది? దీనికి సూటిగా జవాబు చెప్పని సర్వీసు ఎంత చౌకైనా నాకు వద్దు.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఈ సంగతి పట్టించుకోవాల్సిన అవసరమే రాలేదు. పొద్దున వాట్సాప్‌లో మెసేజ్ పెడితే సాయంత్రానికి బైక్ మీద డిస్క్ వచ్చేది, తెచ్చిన అబ్బాయే పాతది పట్టుకెళ్లేవాడు. కాకినాడలో అలా కాదు. డిస్క్ బెంగళూరులో బయల్దేరి, కొరియర్ వాళ్ల హబ్బులన్నీ తిరిగి, మధ్యలో ఆదివారం తగిలితే ఇంకో రోజు ఆగి ఇల్లు చేరుతుంది. వెనక్కి పంపేటప్పుడూ అంతే. నెల ప్లాన్‌లో వారం పది రోజులు దారిలోనే పోతాయి. సంక్రాంతి ముందూ దసరా ముందూ అయితే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందే అడగాలి. అద్దె రోజులు డిస్క్ వాళ్ల దగ్గర బయల్దేరిన రోజు నుంచి లెక్కా, మన చేతికి అందిన రోజు నుంచి లెక్కా? తిరిగి ఇచ్చేటప్పుడు కొరియర్ అబ్బాయి తీసుకెళ్లడంతో లెక్క ఆగుతుందా, వాళ్ల గోడౌన్‌కి చేరేదాకా నడుస్తూనే ఉంటుందా? నేను వాడిన మొదటి కొరియర్ సర్వీసులో రానూపోనూ ప్రయాణమంతా నా రోజుల్లోంచే కోసేవారు. ఇప్పుడు వాడుతున్న దాంట్లో డెలివరీ అయిన రోజు మొదలై, కొరియర్ అబ్బాయి తీసుకెళ్తూ చేసే పికప్ స్కాన్ పడగానే ఆగుతుంది. ఆ స్కాన్ చూసుకునే తర్వాతి డిస్క్ పంపేస్తారు, పాతది చేరేదాకా కూర్చోరు. నెలకు నూట యాభై ఎక్కువ తీసుకుంటారు. అయినా ఆడిన రోజులతో భాగించి చూస్తే ఇదే చౌక.

ఈ వ్యాపారం మొత్తం పోస్టు మీదే నడుస్తుందని అమెరికా అనుభవం కూడా చెబుతుంది. అక్కడ గేమ్‌ఫ్లై అనే సంస్థ 2002 నుంచి ఇంటికి గేమ్ డిస్కులు పంపుతోంది. అప్పట్లో పోస్టులో సినిమా డీవీడీలు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్ కవర్లను అక్కడి తపాలా శాఖ మెషీన్లలో నలిగిపోకుండా చాలావరకు చేత్తో వేరుచేసేది, దానికి అదనంగా ఏమీ తీసుకునేది కాదు. అదే సౌకర్యం గేమ్‌ఫ్లైకి దొరకలేదు. డిస్కులు విరగకుండా పెద్ద కవర్‌లో అట్ట పెట్టి, ఎక్కువ పోస్టేజీ కట్టి పంపాల్సి వచ్చింది. 2009లో వాళ్లు తపాలా శాఖను నియంత్రించే పోస్టల్ రెగ్యులేటరీ కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. వివక్ష నిజమేనని కమిషన్ 2011లో తేల్చింది, చూపించిన పరిష్కారం సరిపోదని 2013లో కోర్టు చెప్పాక రేట్లు సమానం చేయాల్సి వచ్చింది. ఒక్కో కవర్ మీద పడే కొద్దిపాటి ఖర్చు కోసం అన్నేళ్లు పోరాడారంటే, డిస్క్ అద్దెలో రవాణాకి ఎంత విలువుందో అర్థమవుతుంది. మన దగ్గర కూడా సర్వీసు వెబ్‌సైట్ అందం చూడకండి. ఏ కొరియర్‌లో పంపుతారు, ఎలా ప్యాక్ చేస్తారు, మీ పిన్‌కోడ్‌కి పికప్ ఉందా లేదా, ఇవి చూడండి. పికప్ లేని ఊరైతే మీరే ఆఫీసుకు వెళ్లి బుక్ చేయాలి, ఆ ఖర్చూ మీదే.

ఇక డిస్క్ చేతికి వచ్చాక ఏం చేయాలి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

ప్యాకెట్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తాను. సీలు కనపడాలి, కొరియర్ లేబుల్ కనపడాలి, మధ్యలో కట్ ఉండకూడదు. డిస్క్‌ని అంచులు పట్టుకుని ట్యూబ్‌లైట్ కిందకి తెచ్చి మెల్లగా తిప్పుతాను. వెలుగు జారుతుంటే గీతలన్నీ బయటపడతాయి. మధ్య చిల్లు నుంచి అంచు వైపు నిలువుగా పడ్డ సన్న గీతతో సాధారణంగా ఇబ్బంది ఉండదు, డ్రైవ్ దాన్ని దాటి చదివేస్తుంది. డిస్క్ గుండ్రం వెంట వంపుగా పడ్డ గీత చిన్నదైనా ప్రమాదం, ఎందుకంటే డేటా ఆ దారిలోనే రాసి ఉంటుంది. ఇవి బ్లూ-రే డిస్కులు. డీవీడీలో డేటా పొర చదివే వైపు ఉపరితలం నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటే, బ్లూ-రేలో 0.1 మిల్లీమీటర్ లోపలే ఉంటుంది. అందుకే ఆ వైపు గట్టి పూత వేస్తారు. మామూలు రాపిడికి ఆ పూత తట్టుకుంటుంది గానీ, దాన్ని దాటి దిగిన గీతను డీవీడీలాగా పాలిష్ పట్టి బాగుచేయడం కుదరదు. ఎవరైనా పాలిష్ చేయించాం అంటే ఆ డిస్క్ మీద నాకు నమ్మకం ఉండదు.

అసలు పరీక్ష మాత్రం ఇన్‌స్టాలేషనే. ప్లేస్టేషన్ 5 డిస్క్‌లో ఉన్నదంతా లోపలి స్టోరేజ్‌లోకి కాపీ చేసుకుంటుంది, ఆ తర్వాత డిస్క్ లోపల ఉందా లేదా అని చూడటానికే ఎక్కువగా వాడుతుంది. కాపీ పూర్తయిందంటే సగం టెన్షన్ పోయినట్టే. అందుకే శని, ఆదివారాల్లో ఆడదాంలే అని పక్కన పెట్టకుండా వచ్చిన రోజే కాపీ పెట్టేస్తాను. ఒకసారి సగం దాటాక కాపీ ఆగిపోయింది. తుడిచి పెట్టినా అక్కడే ఆగింది. లోపలి వైపు వంపు గీత ఉంది. ఆ సర్వీసు వాళ్లు అది నా దగ్గరే పడిందన్నారు, డిపాజిట్‌లోంచి డిస్క్ ఖరీదు కోసేస్తామన్నారు. వీడియో పంపాను. ప్యాకెట్ విప్పిన నిమిషంలోనే గీత కనపడుతోంది. నాలుగు రోజులు జవాబు లేదు, తర్వాత డిపాజిట్ మొత్తం యూపీఐలో వేశారు. క్షమాపణ లాంటిదేమీ రాలేదు. వీడియో లేకపోతే ఆ డబ్బు పోయేదే. తిరిగి పంపేటప్పుడూ అదే పని: డిస్క్ అడుగు భాగం, బాక్స్, ప్యాకింగ్, లేబుల్, అన్నీ వీడియోలో.

డిపాజిట్ గురించి ఇంకొక్క మాట. కొందరు ఒక డిస్క్‌కి మూడు నాలుగు వేలు అడుగుతారు. ఎంత అన్నది కాదు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా ఉందా అన్నది చూడండి. బిల్లు ఇవ్వని చోట డిపాజిట్ కట్టవద్దు.

ఇప్పుడు ఒక గట్టి హెచ్చరిక. ఆన్‌లైన్‌లో గేమ్ అద్దె అని వెతికితే డిస్కుల కన్నా ఎక్కువగా అకౌంట్లు అద్దెకిచ్చేవాళ్లు తగులుతారు. మూడు నాలుగు వందలకే కొత్త గేమ్ అంటారు. గేమ్ కొన్న అకౌంట్ ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తారు, మీ కన్సోల్‌లో లాగిన్ అయి ఆడుకోమంటారు. ప్రైమరీ, సెకండరీ అని రెండు రేట్లు చెబుతారు. ఒక అకౌంట్‌కి ఒకే ప్లేస్టేషన్ 5లో కన్సోల్ షేరింగ్ సౌకర్యం (ఆ అకౌంట్ గేములను ఆ కన్సోల్‌లో వేరే అకౌంట్లవాళ్లూ ఆడుకునే వీలు) ఉంటుంది, అది మీకిస్తే ప్రైమరీ. సెకండరీ అయితే ఆ అకౌంట్‌లోనే ఆడాలి, నెట్ ఉండాలి. ప్లేస్టేషన్‌లో సేవ్ ఫైల్, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైల్, అకౌంట్‌తో ముడిపడి ఉంటుంది. సెకండరీలో మీరు రాత్రులు మేలుకుని తెచ్చుకున్న ట్రోఫీలు, సేవ్, అన్నీ ఆ అద్దె అకౌంట్‌లోనే మిగిలిపోతాయి. అకౌంట్‌ని అమ్మడం, అద్దెకివ్వడం సోనీ నిబంధనలకే విరుద్ధం. బ్యాన్ పడినా, ఎవరైనా పాస్‌వర్డ్ మార్చినా మీరు ఎవరికీ చెప్పుకోలేరు. మా పిన్ని కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, రేటు చూసి ఇదే తీసుకుంటానన్నాడు. నేను వద్దన్నాను, మీకూ అదే చెబుతాను. డిస్క్ అద్దెలో మీ సేవ్ మీ అకౌంట్‌లోనే ఉంటుంది. డిస్క్ వెనక్కి పంపేసినా, గేమ్ డిలీట్ చేసినా సేవ్ పోదు. ఆర్నెల్ల తర్వాత అదే గేమ్ మళ్లీ తెప్పించుకుంటే ఆపిన చోట నుంచి మొదలుపెట్టవచ్చు. నేను హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్ అనే గేమ్‌ని అలాగే రెండు విడతల్లో పూర్తిచేశాను.

ఏ గేమ్ అద్దెకు తేవాలి అన్నది సర్వీసు ఎంపిక కన్నా ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. స్పైడర్‌మ్యాన్ 2 లాంటివి కథ వరకు అయితే ఇరవై గంటల లోపే అయిపోతాయి. ఉద్యోగం చేసుకునేవాళ్లు కూడా రెండు మూడు వారాంతాల్లో ముగించి పంపేయవచ్చు. అద్దె పుట్టింది ఇలాంటి వాటి కోసమే. పర్సోనా 5 రాయల్ నూరు గంటలు తింటుంది. ఎల్డెన్ రింగ్‌లో యాభై అరవై గంటలు ఎలా గడిచాయో తెలియదు. ఇవి అద్దెకు తెస్తే నెల మీద నెల కడుతూ పోతాం, అంత కట్టే బదులు సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనుక్కోవడం మేలు. క్రికెట్, ఫుట్‌బాల్ గేములు పిల్లలు ఏడాది పొడుగునా ఆడతారు కాబట్టి వాటినీ కొనేయడమే మంచిది. అదనపు కంటెంట్ కొనే ఉద్దేశం ఉంటే డిస్క్ ఏ ప్రాంతానిదో ముందు అడగండి. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన డిస్క్‌లో గేమ్ ఆడుతుంది గానీ, మన స్టోర్‌లో కొన్న కంటెంట్ దానికి కలవకపోవచ్చు.

డిస్క్ అన్నంత మాత్రాన గేమ్ అంతా దాంట్లో ఉంటుందని లేదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 డిస్క్‌లో ఉన్నది సుమారు 70 ఎంబీ, మిగతాదంతా డౌన్‌లోడే. అద్దె రోజుల్లో ఒకటి రెండు డౌన్‌లోడ్‌కే పోతే ఎలా? నా కన్సోల్‌లో 825 జీబీ ఉన్నా వాడుకునేది 667 జీబీ మాత్రమే, డిస్క్ వచ్చే ముందు రోజే ఖాళీ చేసి పెట్టుకోండి. కొన్ని గేములకు విడుదల నాడు అసలు డిస్కే ఉండదు. ఆలన్ వేక్ 2 వచ్చింది 2023 అక్టోబర్‌లో, డిస్క్ వచ్చింది ఏడాది తర్వాత.

మరి చందా కడితే బోలెడు గేములు ఆడనిచ్చే సోనీ ప్లాన్ ప్లేస్టేషన్ ప్లస్ ఎక్స్‌ట్రా ఉండగా అద్దె ఎందుకు అని నన్ను చాలామంది అడిగారు. 2022 జూన్‌లో ఆ ప్లాన్లు మన దేశానికి వచ్చినప్పుడు నేనూ చేరాను. కేటలాగ్ మంచిదే, పాత గేములు చూడనివాళ్లకు పండగే. కానీ సోనీ సొంత గేములు అందులోకి రావడానికి చాలా కాలం పడుతుంది. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ 2022 నవంబర్‌లో విడుదలైతే, ఎక్స్‌ట్రాలోకి వచ్చింది 2025 జనవరిలో. అంతదాకా కథ తెలియకుండా కళ్లు మూసుకుని తిరగడం నా వల్ల కాదు. రాగ్నరాక్ నేను అద్దెకు తెచ్చుకునే ఆడాను. విడుదల రోజున కాదు, అప్పుడు వెయిటింగ్ లిస్ట్ చాంతాడంత ఉంది. నెలా నెలన్నర ఆగాక సులువుగా దొరికింది. సర్వీసుకి మనమిచ్చే కావలసిన గేముల లిస్టులో అన్నీ కొత్తవే పెట్టుకుంటే ఏదీ రాదు, నెల అద్దె ఊరికే పోతుంది. ఒక కొత్తది, రెండు మూడు పాతవి పెట్టుకుంటే ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది.

కొత్తది కొని ఆడి అమ్మేసే దారి కూడా చూశాను. రూ. 4,999 పెట్టి కొన్నది తొందరగా అమ్మితే మూడున్నర వేల దాకా వచ్చింది. అంటే పదిహేను వందలు పోయినట్టు. దాంతో పాటు బేరాలు, లొకేషన్ పంపమనేవాళ్లు, వస్తానని రానివాళ్లు. హైదరాబాద్‌లో అయితే ఇది పర్వాలేదు, కొనేవాళ్లు దొరుకుతారు. కాకినాడలో దొరకడమే కష్టం. నెలకు పూర్తిచేసేది ఒకటీ అరా అయితే అద్దె ఖర్చు దీనికన్నా తక్కువే వస్తుంది. రెండు నెలలకొక గేమ్ ఆడేవాళ్లకు మాత్రం నెలవారీ ప్లాన్ వద్దు, విడిగా ఒక్క డిస్క్‌కి అద్దె కట్టే చోటు చూసుకోండి.

నేను వాడే సర్వీసు వాళ్లు ఈమధ్య ఏడాది ప్లాన్ తీసుకుంటే రెండు నెలలు ఉచితం అంటున్నారు. వాళ్ల పనితనం నాకు నచ్చింది, అయినా తీసుకోలేదు, నెలనెలా కడుతున్నాను. అమెరికాలో డిస్కులు అద్దెకిచ్చే మెషీన్లు ఊరూరా పెట్టిన రెడ్‌బాక్స్ అంతటిది 2019 చివర్లో గేమ్ అద్దె ఆపేసింది, 2024లో కంపెనీయే దివాలా తీసింది. నాలుగైదు వందల డిస్కులతో నడిచే చోట నా డబ్బు, డిపాజిట్ కలిపి ఏడాది పాటు ఉంచడం నాకు ఇష్టం లేదు. పెద్ద గేములేవీ లేని నెలల్లో వాళ్లకు చెప్పి ప్లాన్ ఆపించుకుంటాను కూడా. అలా ఆపుకునే వీలుందో లేదో చేరే ముందే అడిగి తెలుసుకోండి.