చేతి లేసా, మెషీన్ లేసా: ఏది మేలు?

పెళ్లిళ్ల సీజను దగ్గర పడిందంటే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. అమ్మాయికి సారెలో లేసు టేబుల్ క్లాత్, దిండు గలీబులు, మంచం మీదికి దుప్పటి పెట్టాలనుకుంటున్నాం. నరసాపురం చేతి లేసే తీసుకోవాలా, చూడ్డానికి అలాగే ఉండి బాగా తక్కువకు దొరుకుతున్న షాపు లేసు సరిపోతుందా? ఈమధ్య మా ఇంట్లోనూ భోజనాల బల్ల గుడ్డ మార్చాల్సి వచ్చి రెండు రకాలూ తెప్పించి పక్కపక్కన పరిచి చూశాను. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకుందాం. మెషీన్ లేసు అంటే మన లేసునే మెషీన్ అల్లిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన నరసాపురం, పాలకొల్లు, రాజోలు ఆడవాళ్లు అల్లేది క్రోషా. కొక్కెం ఉన్న సూదితో ఒక ముడిలోంచి ఇంకో ముడి లాగుతూ, ఒకే దారం ఎటు కావాలంటే అటు తిరుగుతూ పోయే అల్లిక అది. దాన్ని అదే పద్ధతిలో అల్లి ఫ్యాక్టరీల్లో గుట్టలుగా పోసే మెషీన్ ఇంతవరకు లేదు. షాపులో ‘క్రోషా లేసు’ అని చూపించేది ఎక్కువగా జీపీఓ లేసు అయి ఉంటుంది. నీళ్లలో కరిగిపోయే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ మెషీన్ దట్టంగా డిజైను కుట్టేస్తుంది. తర్వాత ఆ గుడ్డను కరిగించేస్తే కుట్టు ఒక్కటీ లేసులాగా మిగులుతుంది. నైటీలకు, లంగాలకు వేసే కాటన్ లేసు పాయలు పెనవేసే టార్చన్ మెషీన్ మీద తయారవుతుంది. పిల్లల గౌన్లకు వేసే పల్చటి నైలాన్ నెట్ లేసు సంగతి ఇంకా వేరు, అది రాషెల్ మెషీన్లది. అంటే మనం పోలుస్తున్నది అసలును, దాని పోలికలో వేరే పద్ధతిలో చేసిన సరుకును.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. గుడ్డను తిరగేసి వెలుతురులో చూడండి. చేతి లేసులో ముడుల పై అంచున చిన్న చిన్న గొలుసు వరసగా కనిపిస్తుంది. ఏ దారం పట్టుకుని చూసినా అది ముడిలోంచి ముడిలోకి పోతుంటుంది. పువ్వు మధ్యలో మొదలుపెట్టిన చోటు, చివర దారం దాచిన చోటు వేలికి తగులుతాయి. జీపీఓ లేసులో ముడులు ఉండవు. ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడిన కుట్లే ఉంటాయి, అంచుల్లో సన్నటి నూగు లేస్తుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే, అడిగి, ఒక పోగు తీసి అంటించండి. నూలయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. అయితే నూలు అని తేలినంత మాత్రాన చేతిది అని కాదు. కాటన్ జీపీఓ కూడా ఉంది.

అందం విషయంలో మాత్రం నేను గొడవ పెట్టుకోను. బల్ల మీద పరిచి నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తే మెషీన్ లేసే ఒక్కోసారి ముందుంటుంది. ప్రతి పువ్వూ ఒకే సైజు, తెలుపు ఎక్కడా మారదు, డిజైన్లు లెక్కలేనన్ని. చేతి లేసులో పది మంది చేతులు పడతాయి కాబట్టి ఒకరి బిగువు, ఇంకొకరి వదులు తెలుస్తూనే ఉంటుంది. కొందరికి అదే ఇష్టం. నాకు పరవాలేదు, అంతే.

ధర దగ్గర చాలామంది ఆగిపోతారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మెషీన్ వచ్చి మన లేసును చంపేసిందనే మాట తరచూ వింటాం. సగమే నిజం. ఇంగ్లండులో హీత్‌కోట్ అనే ఆయన వల లేసు చేసే బాబినెట్ మెషీన్‌కు పేటెంటు తీసుకున్నది 1808, 1809లలో. నాటింగ్‌హామ్‌లో లీవర్స్ అనే ఇంకో లేసు మెషీన్ వచ్చింది 1813లో. కూలి తగ్గుతుందన్న కోపంతో 1816లో లాఫ్‌బరోలో హీత్‌కోట్ ఫ్యాక్టరీ మీద పడి మెషీన్లు పగలగొట్టారు కూడా. మన నరసాపురానికి స్కాట్లండు మిషనరీలు మెక్రే దంపతులు లేసు పని తెచ్చి నేర్పింది 1844లో అని చెబుతారు. అంటే మన గోదావరి గట్టున లేసు సూది పట్టుకునేనాటికే అక్కడ మెషీన్ లేసుకు ముప్ఫై ఏళ్లు దాటింది. మెషీన్ ఉన్న లోకంలోనే మన లేసు పుట్టింది, పెరిగింది, ఓడలెక్కి ఎగుమతయింది. ఎలా? ఒకటి, క్రోషా అల్లడం మెషీన్ వల్ల కాలేదు. రెండోది చెప్పడానికి అంత బాగుండదు. ఇక్కడి ఆడవాళ్ల కూలి అంత తక్కువ.

జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి లేసు ఆడవాళ్ల మధ్య తిరిగి రాసిన అధ్యయనం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లుతున్నా వీళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కెయ్యలేదని, ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవాళ్లు కాలక్షేపానికి చేసే పనిగా చూశారని ఆవిడ చూపించింది. ఏజెంటు దారం, డిజైను ఇంటికి తెచ్చిస్తాడు. పువ్వులు అల్లేవాళ్లు వేరు, అతుకు పని చేసేవాళ్లు వేరు. అన్నీ కలిపి ఉతికి ఇస్త్రీ చేసి పంపేది ఎగుమతిదారు. ఈ వరసలో అందరికన్నా తక్కువ మిగిలేది పువ్వు అల్లిన మనిషికి. ఇప్పటికీ పద్ధతి పెద్దగా మారలేదు. అందుకే భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో పని దొరికితే లేసు సూది పక్కన పెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టగలమా? కూతుళ్లకు నేర్పడం మానేసిన తల్లులనూ తప్పు పట్టలేం. పని తగ్గడానికి మెషీన్ ఒక కారణం, ఈ కూలి ఇంకో కారణం.

కాబట్టి చేతి లేసు అని చెప్పి మెషీన్ లేసు ధరకే ఇస్తానంటే మంచి బేరం దొరికిందని సంబరపడకండి. అయితే అది చేతిది కాదు, లేదా అల్లిన మనిషికి ఏమీ ముట్టలేదు. పెద్ద టేబుల్ క్లాత్‌లో వందల పువ్వులుంటాయి. ఒక్కో పువ్వుకు ఎంత సేపు పడుతుందో ఒకసారి పక్కన కూర్చుని చూస్తే ధర అడిగే గొంతు దానంతట అదే తగ్గుతుంది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు వచ్చింది. పేరు వేరేవాళ్లు వాడుకోకుండా అది పనికొస్తుంది. కూలి పెంచే పని మాత్రం దానిది కాదు, కొనేవాళ్లది, అమ్మేవాళ్లది.

ఇక నా లెక్కలో అసలు తేల్చే విషయం. అందమూ కాదు, ధరా కాదు. చిరిగినప్పుడు ఏమవుతుంది?

లేసు అన్నది చిరగక మానదు. గాజు తగులుతుంది, పిల్లవాడు లాగుతాడు, కుర్చీ మూల పట్టుకుంటుంది, అంట్ల గిన్నె కింద పడి మరక అవుతుంది. చేతి లేసులో దారం తెగితే దాని చుట్టూ నాలుగైదు ముడులు వదులవుతాయి. మేజోడు జారినట్టు పైనుంచి కిందదాకా జారిపోదు, ఎందుకంటే క్రోషాలో ఒక ముడి బిగించి పూర్తి చేశాకే తర్వాతి ముడికి పోతారు. వదులైన ముడులను పిన్నీసుకు గుచ్చి ఉంచి, గట్టిగా ఉన్న చోటు దాకా విప్పి, అదే నంబరు దారం ముడేసి మళ్లీ అల్లుకు వస్తే సరి. మరీ పాడైపోతే ఆ పువ్వును మొత్తంగా విప్పి తీసేసి, కొత్త పువ్వు అల్లించి అతికిస్తారు. అసలు మన లేసు ఇలా పువ్వులు పువ్వులుగా అల్లి అతకడం ఏజెంట్ల సౌకర్యం కోసం, పని పంచడం కోసం వచ్చిన పద్ధతే కావచ్చు, కానీ వాడేవాళ్లకు దానివల్లే ఎక్కువ లాభం. బట్ట మొత్తం పారేయక్కర్లేదు, ఒక్క పువ్వు మారిస్తే చాలు. మా ఇంట్లో పాత గుడ్డను అతుకు పని చేసే పిన్నిగారి దగ్గరికి తీసుకెళ్తే, “ఇంత దానికి కొత్తది ఎందుకమ్మా, ఎల్లుండి వచ్చి పట్టుకెళ్లు” అంది. ఇప్పుడు ఎక్కడ మార్చారో నేనే వెతుక్కోవాలి.

జీపీఓ లేసులో ఇది కుదరదు. పువ్వుకూ పువ్వుకూ మధ్య సన్నటి కుట్టు వంతెనలుంటాయి, మొదట తెగేవి అవే. సూదీ దారంతో పట్టి కుట్టవచ్చు, కానీ అక్కడ బొమ్మ ముద్దయిపోతుంది. డిజైను పోయిన చోట మళ్లీ తెప్పించే దారి చేతికి లేదు, ఆ మెషీన్ మన ఊళ్లో లేదు, ఉన్నా ఒక్క ముక్క కోసం ఎవరూ నడపరు. అదే డిజైను మళ్లీ షాపులో దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. ఒక చోట పోతే గుడ్డ మొత్తం పోయినట్టే. నెట్ లేసుకయితే మాసిక వేయడం తప్ప ఇంకేమీ లేదు.

ఒక షరతు ఉంది, అది దాచను. బాగు చేసే మనిషి దగ్గరలో ఉంటేనే ఈ లాభం. డెల్టాలో ఉన్నవాళ్లకు, సెలవులకు ఇక్కడికి వచ్చిపోయేవాళ్లకు అది సులువు. ఢిల్లీలోనో డల్లాస్‌లోనో ఉండి ఎప్పుడూ రానివాళ్లకు ఈ లెక్క సగానికి తగ్గుతుంది. సొంతంగా సూది పట్టడం వచ్చినవాళ్లయితే ఎక్కడున్నా పరవాలేదు, క్రోషా నేర్చుకోవడం అంత కష్టం కాదు. బాగు చేసే మేరకు నేర్చుకోవడం ఇంకా సులువు.

ఇంతా చెప్పి, అన్నిటికీ చేతి లేసే కొనమని అనను. జాకెట్టు చేతులకు, పిల్లల గౌన్లకు, రోజూ వాషింగ్ మెషీన్‌లో పడే నైటీలకు మెషీన్ లేసే మేలు. చేతి లేసు గాజులకు, ఉంగరాలకు పట్టుకుంటుంది, సాగుతుంది, ప్రతి ఉతుక్కీ మళ్లీ సర్ది ఆరేసుకోవాలి. పిల్ల రెండేళ్లలో విడిచేసే గౌనుకు అంత శ్రద్ధ ఎవరు చూపిస్తారు? చీర అంచుకు కూడా నేను చేతి లేసు వేయించను. కింద మెట్ల మీద, ఆటోలో ఈడ్చుకుపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. బల్ల మీద, మంచం మీద, దేవుడి మందిరం దగ్గర, గుమ్మానికి వేలాడే తెర కింద అంచుకు మాత్రం చేతిదే.

వానాకాలం సంగతి కూడా చూసుకోవాలి. మన గాలిలో తేమ ఎక్కువ, నూలు లేసు మడత పెట్టి బీరువాలో పడేస్తే నల్లటి బూజు చుక్కలు పడతాయి. పాలిస్టరుకు ఆ బెడద తక్కువ, ఇది దానికి నిజంగా కలిసొచ్చే విషయం. నూలు లేసును గోరువెచ్చటి నీళ్లలో మెల్లగా నలిపి ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి తడి తీసి, పరుపు మీద పరిచి అంచులకు పిన్నులు గుచ్చి ఆరబెట్టాలి. తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి. వాడేటప్పుడు గంజి పెట్టండి కానీ గంజితో దాచకండి, దానికి వెండి పురుగులు వస్తాయి. ఇంత పని నావల్ల కాదు అనేవాళ్లు మొహమాటపడక మెషీన్ లేసు కొనుక్కోవచ్చు. సారెలో పెట్టిన చేతి లేసు పసుపెక్కి అట్టపెట్టెలో ఉండే కన్నా అదే నయం.

మిగతా రకాలు రెండు మాటల్లో. ప్లాస్టిక్ లేసు టేబుల్ కవర్ తుడుచుకోవడానికి బాగుంటుంది, ఎండకు పెళుసెక్కి పగులుతుంది, అంతకన్నా చెప్పేదేమీ లేదు. టాటింగ్ (చిన్న షటిల్‌తో ముడులు వేసి చేసే లేసు) అందంగా ఉంటుంది కానీ జేబురుమాలు అంచుకు తప్ప పెద్ద గుడ్డలకు ఎవరూ చెయ్యరు, చేసేవాళ్లు దొరకడమూ కష్టమే. మెషీన్ గుడ్డకు చుట్టూ చేతి లేసు అంచు వేసినవి వస్తున్నాయి, డబ్బు సర్దుబాటు చేసుకోవాల్సినవాళ్లకు అవి బాగానే పనికొస్తాయి. లేసు పోయినా గుడ్డ మిగులుతుంది, గుడ్డ పోయినా లేసు విప్పి వేరేదానికి వేసుకోవచ్చు.

చేతిది కొనడానికే నిర్ణయించుకుంటే, నరసాపురం దగ్గర సీతారాంపురం లేసు పార్కు వైపు వెళ్లినా, పాలకొల్లులో తెలిసినవాళ్ల ద్వారా అడిగినా, తయారుగా ఉన్నదాని కన్నా ఆర్డరిచ్చి చేయించుకోవడం మంచిది. పండగకు, పెళ్లికి ముందు హడావుడిగా అడిగితే ఇద్దరు ముగ్గురి చేతుల బిగువు కలవకుండా వస్తుంది, హైరానా అందరికీ. దారం ఏ నంబరో అడగండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం, పని ఎక్కువ, ధర ఎక్కువ. 20 నంబరు బల్ల గుడ్డలకు నిలుస్తుంది, 40 ఇంకా నాజూకు. డబ్బిచ్చేటప్పుడు అదే దారంలో ఒక ఉండ విడిగా అడిగి తెచ్చుకోండి. తెల్లదారంలో కూడా తెలుపు లాటుకో రకంగా ఉంటుంది, తర్వాత కొన్నది కలవదు. ఆ ఉండను గుడ్డతో పాటే ఉతికి, గుడ్డ మడతలోనే పెట్టుకుంటే రెండూ ఒకేలా పాతబడతాయి, పువ్వు మార్చినప్పుడు అతుకు తెలియదు.