నైట్రేట్ టెస్ట్ స్ట్రిప్‌లు: కొనండి, కానీ చార్టు కింద చిన్న అక్షరాలు చదవండి

సముద్రం దగ్గర ఇసుక నేలలో బావి నీళ్లు తాగే ప్రతి ఇంట్లో ఈ డబ్బా ఒకటి ఉండాలి. నీళ్లలో ఉప్పు చేరితే నాలుకే చెప్పేస్తుంది, నైట్రేట్‌కి మాత్రం రుచీ లేదు, వాసనా లేదు, రంగూ లేదు. పొలంలో వేసిన యూరియా నుంచి కానీ, సెప్టిక్ ట్యాంక్ నుంచి ఊరే నీళ్ల నుంచి కానీ నేలలో తయారయ్యే ఈ నైట్రేట్ ఇసుకలో ఎక్కడా ఆగదు, పైపైనే ఉండే భూగర్భ జలంలోకి చకచకా దిగిపోతుంది.

వాడటం చాలా తేలిక. స్ట్రిప్‌ని నీళ్లలో ముంచి తీసి, కాగితంలో చెప్పినంత సేపు ఆగి, వచ్చిన గులాబీ రంగుని చార్టుతో పోల్చి చూడాలి. ఇంకాసేపు ఆగితే రంగు ముదిరి ఎక్కువ చూపిస్తుంది, అందుకే ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటాను.

నేను దెబ్బతిన్నది చార్టు దగ్గర. మొదటిసారి 20 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకి 50 మిల్లీగ్రాములు కదా, పర్లేదులే అనుకున్నాను. ఆ 50 నైట్రేట్‌కి చెప్పిన లెక్క, నా చార్టు మాత్రం నైట్రేట్‌లో ఉండే నైట్రోజన్ లెక్క! నాకొచ్చిన 20ని 4.43తో గుణిస్తే నైట్రేట్ లెక్కలో 88 దాటుతుంది. అప్పుడు మా చెల్లి మూడు నెలల పాపతో ఇంట్లోనే ఉంది, పాలపొడి ఈ నీళ్లతోనే కలుపుతున్నాం, మరిగించి వాడుతున్నాం కదా అని ధైర్యంగా కూడా ఉన్నాం. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లల్లో అది రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడి ఒళ్లు నీలంగా మారేలా చేస్తుందని 1945లోనే కామ్లీ అనే డాక్టర్ రాశారు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. పాప బాగానే ఉంది, వెంటనే నీళ్లు మార్చేశాం. తర్వాత ల్యాబ్‌లో చూపిస్తే నైట్రేట్ లెక్కలోనే 84 వచ్చింది, అంటే స్ట్రిప్ తప్పు చెప్పలేదు, చదవడమే నాకు రాలేదు. ఇంత ముఖ్యమైన సంగతి కంపెనీవాళ్లు చీమ తలకాయంత అక్షరాల్లో వేయడం మాత్రం క్షమించలేను.

రీడింగ్ ఎక్కువ వస్తే కార్బన్ ఫిల్టరు, యూవీ కొనకండి, అవి నైట్రేట్‌ని తీయలేవు. ఆర్వో తగ్గిస్తుంది. చిన్న చిన్న పూసలతో నైట్రేట్‌ని పట్టుకునే రెజిన్ ఫిల్టరైతే సముద్రపు నీళ్లు కలిసిన బావిలో జాగ్రత్త, ఆ నీళ్లతో వచ్చే సల్ఫేట్ రెజిన్‌లో నైట్రేట్ చోటు ఆక్రమిస్తుంది, మామూలు రెజిన్ నిండిపోయాక పట్టిన నైట్రేట్‌నే తిరిగి వదిలేయొచ్చు.

ఇంకోటి, మూత వెంటనే బిగించండి. సముద్రపు గాలి తేమకి నావి నాలుగైదు ముంచకముందే గులాబీ రంగెక్కి పాడైపోయాయి. వానలు పడ్డాక ఒకసారి, ఎరువులు వేశాక ఒకసారి చూస్తున్నాను, తేడా కనిపిస్తే శాంపిల్ ల్యాబ్‌కి పంపుతున్నాను. ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి తగ్గించింది ఆ చిన్న అక్షరాలకే.